చివరి టోలీ చెరిపిన గుర్తు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ముందు ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం చెప్పి, ఆ తరువాతే కథ మొదలుపెడతాను. ఫిర్యాదు చేసేవారు మొదట పేర్లు చెప్పాలి, కన్నీళ్ళు తరువాత పెట్టుకోవచ్చు అని కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ మాకు నేర్పారు.

అన్యాయం జరిగినది నూకరత్నానికి. భిలాయి ఉక్కు కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన జగ్గయ్య కూతురు ఆమె. అప్పటికి పదిహేనేళ్ళది. ఆమె నిజం చెప్పింది. అది అబద్ధమని తీర్పు వచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన సాక్ష్యం చెప్పినది ఆమె ప్రాణస్నేహితురాలు మణిమాల. చెప్పినది గైడు గౌరవం మీద.

నేను విశాఖపట్నంలో చదువుకుని, పెళ్ళయిన తరువాత భిలాయి వచ్చి, టౌన్‌షిప్‌లోని ఒక బాలికల పాఠశాలలో ఇంగ్లీషు బోధించాను. లక్ష్మీకుమారి మేడం అంటే అక్కడ ఇప్పటికీ కొందరు నిటారుగా నిలబడతారు. పాఠశాలలో గైడు దళానికి నేనే కెప్టెన్‌ని. మగపిల్లలకు స్కౌటులు, ఆడపిల్లలకు గైడులు. నియమాలు రెండింటికీ ఒకటే. దళంలో నాలుగు టోలీలు, అంటే చిన్న జట్లు, ఒక్కొక్క దానికీ ఒక పువ్వు పేరు. మందార టోలీకి నూకరత్నం నాయకురాలు, మణిమాల ఆమెకు సహాయకురాలు.

ఆ ఏడాది, అంటే 1977లో, జూలై వానల్లో కొత్త పిల్లలను చేర్చుకున్నాం. నూకరత్నం టౌన్‌షిప్ అంచున ఉన్న రుఆబాంధా నుంచి తండ్రి సైకిలు వెనక కూర్చుని వచ్చేది. శ్రీకాకుళం జిల్లా యాస, ఆ యాసలోనే హిందీ. మణిమాల ఆఫీసరుగారి అమ్మాయి. తెలుగు ఇంట్లో మాట్లాడేదే గాని, కోపం వచ్చినా నవ్వు వచ్చినా హిందీలోనే వచ్చేది. ఈ పిల్లకు ముడులు వేయడం ఎంతకీ పట్టుబడలేదు. నూకరత్నం తన జడ విప్పి ఆమె చేతికిచ్చేది.

"దీని మీద ఏసుకో. తాడైతే నొప్పని సెప్పదు. నాను సెప్తాను."

"అరే దీదీ, జుట్టు ఊడిపోతే?"

"ఊడితే మీ మామయ్యగారి బట్టతల మీద అతికిద్దాం."

ఇద్దరూ పడి పడి నవ్వేవారు. నేను ఈల ఊదితే గాని ఆపేవారు కాదు.

ఆ మామయ్య త్రినాథరావు. మణిమాల తల్లికి స్వయానా తమ్ముడు. ప్లాంటులో అధికారి, స్థానిక స్కౌటు-గైడు సంఘానికి కార్యదర్శి. శిబిరాలకు టెంట్లు, బస్సు పాసులు, అనుమతులు అన్నీ ఆయన చేతి మీదుగానే రావాలి. చురుకైన మనిషి, ఆ మాట కాదనను. అయితే ఊళ్ళో ఎక్కడ వేదిక కట్టినా దాని మీద ఒక కుర్చీ తనది కావాలనే జబ్బు ఒకటి ఆయనకుండేది.

ఆగస్టు పదిహేనున మడతల్లో బంతి రేకలు దాచి జెండాను కట్టినది నూకరత్నం. తాడు లాగగానే రేకలు మణిమాల తల మీదనే పడేలా ఎలా గురి చూసిందో నాకు ఇప్పటికీ తెలియదు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు ప్లాంటు గేట్లు కుటుంబాలకు తెరిచినప్పుడు, మంచినీళ్ళ పందిరి, తప్పిపోయిన పిల్లలను కాచే బాధ్యత మా దళానికి అప్పగించారు. ఒక ఛత్తీస్‌గఢీ పిల్లవాడు "మోర్ దాయీ, మోర్ దాయీ" అంటూ తల్లి కోసం ఏడుస్తున్నాడు. "ఓరి గుంటడా, నీ పేరేటి?" అని నూకరత్నం అడుగుతుంటే వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు. మణిమాల వచ్చి వాడి భాషలో రెండు మాటలు చెప్పింది. నూకరత్నం వాడిని భుజానికెత్తుకుని, తల్లి కంటబడేదాకా గుంపులో తిప్పింది. ఒకరు నోరు, ఒకరు భుజం. ఆ ఇద్దరినీ చూసి నేను గర్వపడిన మాట నిజం.

నవంబరులో బాట గుర్తులు నేర్పాను. ముందు వెళ్ళినవారు రాళ్ళతో, పుల్లలతో నేల మీద గుర్తులు పెడతారు. వెనక వచ్చేవారు వాటిని చదువుకుంటూ నడవాలి. బాణం గుర్తు ఉంటే అటు వెళ్ళాలి. అడ్డంగా రెండు పుల్లలుంటే ఆ దారి కాదు. గుండ్రంగా రాళ్ళు పేర్చి మధ్యలో ఒక రాయి పెడితే, 'బాట ఇక్కడితో ముగిసింది, నేను ఇంటికి వెళ్ళిపోయాను' అని అర్థం. టోలీ నాయకురాలు, సహాయకురాలు ముందుగా వెళ్ళి గుర్తు చదవాలి; ఈల వినబడిన తరువాతే మిగిలినవారు రావాలి. అన్నిటికంటే వెనక నడిచే టోలీకి మరొక విధి ఉంది. చదివిన గుర్తును చదివినట్లే చెరిపివేయాలి. లేకపోతే రేపు ఆ దారిన పోయేవారెవరైనా ఆ పాత గుర్తును నమ్మి దారి తప్పుతారు.

నూకరత్నం చెయ్యెత్తింది. "మేడం, మనమే సెరిపీస్తే, మనం అక్కడిదాకా ఎల్లినట్టు ఎవులికి తెలుస్తాదండి?"

"నీవు చెబుతావు కదా."

"సెప్తే నమ్మేస్తారా?"

"గైడు మాట నమ్మదగినది. మన మొదటి నియమం అదే. నీ మాటే నీకు రుజువు."

ఆమె తృప్తిగా తలాడించింది. ఆ తలాడింపును నేను మరిచిపోలేదు.

డిసెంబరులో పరీక్ష పెట్టాం. అందులో నెగ్గిన టోలీ నాయకురాలిని, దేశం నలుమూలల గైడులూ చేరే పచ్‌మఢీ శిబిరానికి పంపుతారు. అక్కడ పెద్ద పతకం గెలిచిన ఆడపిల్లకు రైల్వేలో ఉద్యోగం అడిగే అర్హత వస్తుందని మా వాళ్ళందరూ చెప్పుకునేవారు. జగ్గయ్య ఆ మాట కోక్ ఓవెన్ల దగ్గర ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

ప్లాంటుకు సున్నపురాయి పంపే నందిని గనుల వైపు బాట వేశాం. పొలాలు, తుప్పలు, పక్కనే ఆ రాయి మోసే రైలుపట్టాలు. గనుల కాలనీ దగ్గర నిలబడి టోలీలను ఒకదాని వెనక ఒకటి పంపడం నా పని. బాట పరిచినది త్రినాథరావు. రోడ్డు పక్కన ఉన్న కుసుమ చెట్టు కింద ఆయన కాచుకుని ఉండి, చేరిన టోలీని చేరినట్లే గనుల బస్సు ఎక్కించి, చివరి టోలీతో తాను కూడా రావాలి. బస్సు పాసులు ఆయన జేబులోనే ఉన్నాయి. చివరిది మందార టోలీ.

వాళ్ళను పంపేసరికి, జ్వరంతో నా దగ్గరే ఆగిపోయిన వేరే టోలీ పిల్లకు వాంతులయ్యాయి. ఆ పిల్లను గనుల ఆసుపత్రిలో చూపించి, జీపులో టౌన్‌షిప్‌కు తెచ్చాను. పాఠశాల గేటు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడి ఉన్నారు. మూడు టోలీలు వచ్చాయి, నాలుగవది రాలేదు. వీధి దీపాలు వెలిగి చాలాసేపైన తరువాత, రోడ్డు మలుపులో ఎనిమిదిమంది పిల్లలు కనిపించారు. ఏడుగురే నడుస్తున్నారు. ఎనిమిదవది నూకరత్నం వీపు మీద ఉంది. అది మణిమాల, చీలమండ విరిగి, కాలు ఉబ్బిపోయింది.

"మేడం, సెట్టు కింద ఇంటికెల్లిపోయిన గుర్తుందండి," అంది నూకరత్నం, ఆయాసంతో. "సారు నేరు. పాసులు నేవు. పొద్దు పోతంది. పట్టాలంట నడుసుకుని వొచ్చేసినాం."

భిలాయిలో పెరిగిన పిల్లలకు ధ్రువనక్షత్రంతో పని లేదు. ప్లాంటు కొలిమిలో కరిగి మిగిలిన చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశం ఒక పక్కన ఎర్రబడుతుంది. దారి తప్పినవాడు అటు తిరిగి నడిస్తే ఇల్లు చేరతాడు. ఆ ఎరుపును చూసుకుంటూ, సున్నపురాయి పట్టాల వెంట పిల్లలను నడిపించుకొచ్చింది. కంకర మీద మణిమాల కాలు జారింది. అక్కడినుంచి ఆమెను మోసినది నూకరత్నమే.

పట్టాల మీద నడవడం గైడులకు నిషిద్ధం. విచారణ తప్పలేదు. అయితే ప్రశ్న పట్టాలది కాదు. చెట్టు కింద ఆ గుర్తు ఉన్నదా లేదా అన్నది. ఉంటే తప్పు త్రినాథరావుది. లేకపోతే పిల్లలను దారి తప్పించి, ప్రమాదంలో పెట్టి, అబద్ధం కూడా ఆడినది నూకరత్నం.

"నేను చీకటి పడేదాకా అక్కడే ఉన్నానండీ," అన్నాడు త్రినాథరావు. "వీళ్ళు చేరిన చెట్టు వేరే. ఇటువైపు అలాంటి చెట్లు బోలెడు. వీళ్ళు మీతో వచ్చేశారనుకుని బయలుదేరాను."

మరునాడు నేనే వెళ్ళి చూశాను. కుసుమ చెట్టు ఉంది. కింద ఏ గుర్తూ లేదు. ఉండదు, నూకరత్నం చెరిపివేసింది. చివరి టోలీ కదా! ఈల ఊది మిగిలినవారిని పిలిచేలోపలే, నేను నేర్పిన నియమం ప్రకారం, తన నిజానికి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని తన చేతులతోనే చెదరగొట్టింది. చూసినది ఇద్దరే. తాను, మణిమాల.

మాలో గౌరవ సభ అనే ఆచారం ఉంది. దళంలో ఎవరి మీదనైనా ఆరోపణ వస్తే, టోలీ నాయకురాళ్ళే కూర్చుని తీర్పు చెబుతారు. గైడు గౌరవం మీద ఇచ్చిన మాటకు అక్కడ ఎవరూ అడ్డు ప్రశ్న వేయకూడదు. డ్రాయింగు గదిలో సభ పెట్టాం. ముగ్గురు నాయకురాళ్ళు, నేను, ప్రధానోపాధ్యాయిని. త్రినాథరావు కూడా వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఈ విచారణ మీ ప్రవర్తన గురించి కూడాను. మీరు ఇక్కడ కూర్చోకూడదు," అన్నాను.

"భలేవారే మేడం! కార్యదర్శిని నేను. నన్నే బయట నిలబెడితే ఎలాగండీ? పిల్లల ముచ్చట ఇది, హైకోర్టు కాదు కదా." ప్రధానోపాధ్యాయిని నవ్వి, ఉండనివ్వండి అన్నారు. నా అభ్యంతరం గాలిలో కలిసిపోయింది.

మణిమాలను చేతికర్రల మీద తీసుకొచ్చారు. కాలికి పిండికట్టు. నేను అడిగాను: "గైడు గౌరవం మీద చెప్పు. ఆ చెట్టు కింద గుర్తు ఉన్నదా?"

ఆమె నా వైపు చూడలేదు. నూకరత్నం వైపు అసలే చూడలేదు. మేనమామ బూట్ల వైపు చూసింది.

"నేను చూడలేదు, మేడం."

నూకరత్నం నవ్వింది. అది నవ్వు అనుకున్నాను; ఆ ముఖంలో ఏం జరుగుతున్నదో ఆ పిల్లకే తెలియదని తరువాత అర్థమైంది. "మణీ, రెండు రాళ్ళు నువ్వే గదే ఇసిరీసినావు? 'నేను కూడా, నేను కూడా' అన్నావు గదే?"

"నాకు యాద్ లేదు, దీదీ."

తనను వీపు మీద మోసుకొచ్చిన పిల్లతో అన్న మాట అది. తనకు జడ చేతికిచ్చి ముడి నేర్పిన పిల్లతో. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల మధ్య బతికాను. అబద్ధాలు వేలకొద్దీ విన్నాను. అంత మెల్లగా చెప్పిన అబద్ధాన్ని మరొకటి వినలేదు.

ముగ్గురు నాయకురాళ్ళూ నియమం పాటించారు. గౌరవం మీద చెప్పిన మాట, దానికి పైన మేనమామ సాక్ష్యం. నూకరత్నం మాట వారి ముందు ఒంటరిదైపోయింది. నాయకత్వం తీసివేశారు, పచ్‌మఢీ రద్దయింది. నేను అసమ్మతి తెలిపి, మినిట్స్ మీద సంతకం చేయకుండా లేచి వచ్చాను. నూకరత్నం మెడలోని దళం స్కార్ఫును, పసుపు అంచున్న ఆ ఎర్రగుడ్డను, తానే విప్పి బల్ల మీద పెట్టింది. మడత పెట్టి మరీ పెట్టింది.

ఆ ఆదివారం జగ్గయ్య మా క్వార్టరుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, మా గుంట అబద్దం ఆడిందేటమ్మా?"

"ఆడలేదు, జగ్గయ్యా."

"మరి అంతమంది సదువుకున్నోలు ఒకే మాటన్నారు గదమ్మా." తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "నాను రోజల్లా పొగలో ఉంటాను. మసి నాకు కొత్త గాదు. ఇంటికొచ్చి కడిగీసుకుంటాను. ఇదెలా కడిగీడమో తెలవటం నేదు."

నేను మళ్ళీ చెప్పాను: నీ కూతురు నిజం చెప్పింది. అతను తల ఊపాడు. పెద్దవారి మాటకు ఎదురు చెప్పకూడదని ఊపిన తల అది. నమ్మి ఊపిన తల కాదు.

కట్టు విప్పిన తరువాత మణిమాల బడికి వచ్చిన రోజు, వరండాలో ఆపి ఒకే మాట చెప్పాను. "నీవు నూకరత్నానికి ఒక వాక్యం బాకీ ఉన్నావు. ఎవరి ముందు ఆమె మాట పోయిందో వారి ముందే ఆ వాక్యం చెప్పాలి. నేను ఎదురుచూస్తాను." ఆమె ఏడ్చింది. ఆ ఏడుపును బాకీలో జమ చేసుకోలేదు.

జనవరి ఇరవై ఆరున మందార టోలీ కొత్త నాయకురాలి వెనక కవాతు చేసింది. ఫిబ్రవరి ఇరవై రెండు, ప్రపంచంలోని గైడులందరూ ఒకరినొకరు తలచుకునే రోజు. చింతన దినం అంటాం. ఆ రోజున నూకరత్నం రాలేదు. మెట్రిక్ తరువాత చదువే మానేసింది. ఆ ఏడాది అలా ముగిసింది. ఆమె స్కార్ఫును సంఘానికి అప్పగించకుండా నా బీరువాలో ఉంచాను. అడిగినవారికి, అది ఉండవలసిన చోటు నాకు తెలుసునని చెప్పాను.

ఏళ్ళు గడిచాయి. నూకరత్నం బలరాం అనే దర్జీని పెళ్ళాడి, రుఆబాంధా బజారులో అతనితో కలిసి కుట్టుపని పెట్టింది. విడ్డూరమేమిటంటే, మా దళం పిల్లల నీలి యూనిఫారాలు కుట్టేది ఆమే. కొలతలు ఇవ్వడానికి పిల్లలే ఆ దుకాణానికి వెళ్ళేవారు. ఆమె మా గేటు లోపల అడుగు పెట్టలేదు. త్రినాథరావు కార్యదర్శి నుంచి అధ్యక్షుడయ్యాడు. మణిమాల బి.ఎడ్. చదివి, 1986లో మా పాఠశాలకే టీచరుగా వచ్చింది. స్టాఫు గదిలో నా ఎదురు కుర్చీలో కూర్చోవడానికి వెనకాడేది. నేను ఏ రోజూ ఏమీ అనలేదు. బాకీ ఉన్నవారిని రోజూ అడగవలసిన పని లేదు, కనిపిస్తే చాలు.

1988లో నాకు పదవీ విరమణ. నా తరువాత దళానికి కెప్టెన్‌గా మణిమాలను నియమించారు. కొత్త కెప్టెన్ చేత పాత కెప్టెన్ ప్రతిజ్ఞ చేయించి, స్కార్ఫు కట్టాలి. చింతన దినానికి వారం ముందు మణిమాల మా ఇంటికి పళ్ళు పట్టుకుని వచ్చింది.

"ఆశీర్వదించండి, మేడం."

"పళ్ళు తిరిగి తీసుకువెళ్ళు. ప్రతిజ్ఞలో మొదటి మాట ఏమిటి?"

"'నా గౌరవం సాక్షిగా...'"

"ఆ గౌరవం నీ దగ్గర లేదు. డ్రాయింగు గదిలో తాకట్టు పెట్టావు. దాన్ని విడిపించుకో. అంతవరకూ నీ ప్రతిజ్ఞను నేను తీసుకోను."

ఆమె పళ్ళు గడప పక్కన పెట్టింది. "నాకప్పుడు పద్నాలుగేళ్ళు, మేడం."

"ఆమెకు పదిహేను."

అప్పుడు చెప్పింది. బాట పరీక్షనాటి రాత్రి ఊళ్ళో ఏదో సభ. ముఖ్య అతిథి పొద్దుండగానే పక్కనున్న దుర్గ్ స్టేషన్‌లో రైలు దిగుతాడు. ఆయనను వెంటబెట్టుకుని వచ్చి, వేదిక మీద పక్కన కూర్చోవాలని త్రినాథరావు ఆత్రపడ్డాడు. చివరి టోలీ ఇంకా రాలేదు. గుండ్రంగా రాళ్ళు పేర్చి, స్కూటరెక్కి పోయాడు. పిల్లలు రోడ్డు మీద ఏదో ఒక బస్సును బతిమాలుకుని ఎక్కేస్తారులే అనుకున్నాడట. ఆసుపత్రిలో మణిమాల మంచం పక్కన అక్కగారితో ఈ సంగతంతా తానే చెప్పుకున్నాడు.

"నిద్రపోతున్నాననుకున్నారు. నేను వినేశానని తెలిసి, అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. మేనమామ పరువు నీ నోట్లో ఉంది అంది."

"గైడు ప్రతిజ్ఞ ముందు చేశావా, ఆ ఒట్టు ముందు వేశావా?"

"గైడు ప్రతిజ్ఞే."

"అయితే నన్ను అడగడానికి ఇంకేముంది?"

"దీదీ నన్ను క్షమిస్తుందా, మేడం?"

"క్షమాపణ నా శాఖ కాదు. నాది వసూలు."

మరునాడు రుఆబాంధా వెళ్ళాను. నూకరత్నం మెడలో టేపు వేసుకుని, మిషను తొక్కుతోంది. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచింది.

"కూకోండి మేడం. టీ తాగుతారా? బలరాం, ఓ స్పెషల్ చాయ్ పట్రా."

విషయం చెప్పాను. మిషను చక్రాన్ని చేత్తో ఆపి వింది.

"ఇప్పుడెందుకండి అయ్యన్నీ? ఆయమ్మ నన్ను సూత్తే రోడ్డు దాటి పోతాది. పోనియ్యండి. నాకు తెల్సు గదండి, నిజమేటో."

"మీ నాన్నకు?"

ఆమె చేతిలోని గుడ్డను సరిచేసింది. సరిగ్గానే ఉన్న గుడ్డను. "అయ్య నన్ను ఒక్క పాలైనా అడగనేదండి. నిజం సెప్పినావా, అబద్దం సెప్పినావా అని. తిట్టనేదు, కొట్టనేదు. అడిగుంటే బాగుండును. అవునని సెప్పుదును. అడక్కపోతే ఏటని సెప్పీది?"

లోపలి గది నుంచి జగ్గయ్య దగ్గు వినబడింది. రిటైరయ్యాడు గాని, కోక్ ఓవెన్ల పొగ అతనిలోనే కాపురం ఉంది.

"అతనిని కూడా తీసుకురా. ముందు వరసలో కుర్చీ వేయిస్తాను," అన్నాను.

ఫిబ్రవరి ఇరవై రెండున మైదానంలో నాలుగు టోలీలు బారులు తీరాయి. తల్లిదండ్రులు, టీచర్లు, పాత విద్యార్థినులు కూర్చున్నారు. ఆనాడు తీర్పు చెప్పిన ముగ్గురిలో ఊళ్ళోనే ఉన్న ఇద్దరికి నేనే స్వయంగా కబురు పెట్టి పిలిపించాను, ప్రధానోపాధ్యాయినిగారిని కూడా. వేదిక మీద మధ్య కుర్చీలో త్రినాథరావు, మెడలో బంతిపూల దండతో. ఎదురుగా మొదటి వరసలో జగ్గయ్య, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. అతని వెనక నిలబడి ఉంది నూకరత్నం. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

మణిమాలను పిలిచాను. ఆమె ప్రతిజ్ఞ చేయడానికి నా ఎదుట నిలబడవలసింది. అలా నిలబడకుండా, మైదానం అంచున సున్నం కొట్టి వరసగా పెట్టిన రాళ్ళ దగ్గరకు వెళ్ళింది. వాటిని ఒడిలో వేసుకుని తెచ్చి, అందరి మధ్యా నేల మీద గుండ్రంగా పేర్చింది. నడుమ ఒకటి పెట్టింది.

"ఏమిటిది మణీ? ఇది కార్యక్రమంలో లేదు కదా," అన్నాడు త్రినాథరావు, మైకు వినేటట్లు నవ్వుతూ.

మణిమాల ఆ నవ్వు ఆగేదాకా ఆగింది. పిల్లల ముందు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. "పదేళ్ళ కిందట నందిని బాట పరీక్షలో, కుసుమ చెట్టు కింద ఈ గుర్తు ఉంది. నేను చూశాను. మందార టోలీ నాయకురాలు నూకరత్నం నిజం చెప్పింది. నేను గైడు గౌరవం మీద అబద్ధం చెప్పాను."

"మణీ! మతి పోయిందా నీకు? ఎవరు నేర్పారిదంతా?" ఆయన నా వైపు చూశాడు.

"గుర్తు పెట్టి వెళ్ళిపోయింది మీరే, మామయ్యా. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. వేదిక మెట్లు దిగి, దండ తీయడం కూడా మరిచి, గేటు వైపు నడిచాడు. వేదిక ఉండగా ఆయన దాని మీదినుంచి దిగిపోవడం భిలాయిలో ఎవరైనా చూడడం అదే మొదటిసారి. ఆనాడు తీర్పు చెప్పినవారిలో ఒకామె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ప్రధానోపాధ్యాయిని నేలను చూశారు.

నూకరత్నం కుర్చీల మధ్య నుంచి వచ్చింది. ఏ తొందరా లేదు. గుర్తు ముందు కూర్చుని ఒక్కొక్క రాయినే తీసి దూరంగా విసిరింది.

"దీదీ, ఏం చేస్తున్నావు?" అంది మణిమాల.

"సివరి టోలీ మనదే గదా. మనమే సెరిపీయాల." మధ్య రాయి మిగిలింది. దాన్ని మణిమాల చేతిలో పెట్టింది. "అప్పుడు రెండు ఇసిరినావు. ఇది కూడా ఇసురు."

మణిమాల విసిరింది. రాయి పడిన చప్పుడు అందరికీ వినబడింది.

జగ్గయ్య కర్ర ఊని లేచాడు. దగ్గు తగ్గేదాకా ఆగి, కూతురిని అడిగాడు. "అప్పుడూ ఇలాగే సెరిపీసినావేటే?"

"అవునయ్యా."

"నిజంగా?"

"నిజంగానయ్యా."

"మంచి పని సేసినావు." మళ్ళీ కూర్చున్నాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "ఆ రోజే అడగవలసింది నాను."

బీరువాలో ఉంచిన ఎర్ర స్కార్ఫును నేను నూకరత్నం మెడలో కట్టాను. అంచు కుట్టు ఒకచోట ఊడింది. ఆమె వేలు వెంటనే అక్కడికే వెళ్ళింది. నాలుగు టోలీల పిల్లలూ, ఎవరూ చెప్పకుండానే, నాయకురాలికి చేసే వందనం ఆమెకు చేశారు. వాళ్ళు తొడుక్కున్నవన్నీ ఆమె కుట్టిన బట్టలే.

ఎవరి ముందు ఆమె మాట పోయిందో వారి ముందే, ఒక్క మాట తరగకుండా ఆ బాకీ తీరింది. మణిమాల ప్రతిజ్ఞను ఆ తరువాతే తీసుకున్నాను.